కోకో బటర్ చర్మానికి నిజంగా ఏం చేస్తుంది? వాడకం, కొలతలు, రవ్వ కట్టడం గురించి

కృష్ణాతీరం:

అందరికీ నమస్కారం. సహజమైన వాసన తొలగించని కోకో బటర్ అర కిలో గడ్డ కొన్నాం. ఇంట్లో ముగ్గురివి మూడు రకాల అవసరాలు. అమ్మకు మడమలు లోతుగా పగులుతాయి, షుగర్ కూడా ఉంది. వదినకు ఇప్పుడు ఐదో నెల. పొట్ట మీద చారలు పడకుండా ఇదే రాసుకోమని చుట్టుపక్కల అందరూ చెబుతున్నారు. చెల్లికి ముఖం నిండా మొటిమలు, చేతులూ కాళ్లూ మాత్రం గోటితో గీస్తే తెల్లగా గీత పడేంత పొడిబారి ఉంటాయి.

గడ్డను నేరుగా రుద్దితే చర్మం మీద జారడం లేదు. 100 గ్రాముల కోకో బటర్, 100 గ్రాముల కొబ్బరి నూనె కలిపి కరిగించి డబ్బాలో పోశాం. ఫ్రిజ్‌లో పెడితే రాయిలా, బయట పెడితే నీళ్లలా ఉంటోంది. నాలుగు రోజులకు లోపల బొంబాయి రవ్వలా పలుకులు కట్టింది. పాడైపోయినట్టా? కలబంద గుజ్జు, గ్లిజరిన్ కలిపితే మెత్తబడుతుందా? ఎవరికి ఎలా వాడాలో కొలతలతో చెప్పగలరా?

కల్వం:

పలుకుల సంగతి, కొలతల సంగతి తయారీ తెలిసినవాళ్లు చెబుతారు. ఇది చర్మం మీద ఏం చేస్తుందో, ఏం చేయలేదో నేను చెబుతాను.

ముందుగా, ఇది కొబ్బరి నుంచి వచ్చేది కాదు. పేరు చూసి చాలామంది అలా అనుకుంటారు. చాక్లెట్ చేసే కోకో గింజ పప్పులో సగం బరువు కొవ్వే. దాన్ని ఒత్తి తీస్తే వచ్చేది కోకో బటర్. ఇందులో స్టియరిక్ ఆమ్లం, ఒలీయిక్ ఆమ్లం ఒక్కొక్కటి దాదాపు మూడో వంతు, పామిటిక్ ఆమ్లం పావు వంతు ఉంటాయి. ఈ మూడూ కొవ్వు అణువుల్లో చాలావరకు ఒకే వరసలో అమరి ఉంటాయి. అందువల్ల నెయ్యిలా మెల్లమెల్లగా మెత్తబడకుండా, గట్టిగా ఉన్నంతసేపు గట్టిగా ఉండి, 34 నుంచి 36 డిగ్రీల మధ్య ఒక్కసారిగా కరుగుతుంది. అంటే ఒంటి వేడికి సరిగ్గా కొంచెం కింద. మలద్వారంలో పెట్టే సపోజిటరీ మందులకు దీన్ని ఎంతో కాలంగా వాడుతున్నది ఈ గుణం వల్లే.

మన చర్మం పైపొరలో చనిపోయిన కణాల మధ్య కొద్దిగా కొవ్వు ఉంటుంది. సబ్బు, వేడినీళ్లు దాన్ని కడిగేస్తాయి. అప్పుడు లోపలి తేమ ఆవిరై, కణాల అంచులు పైకి లేచి, తెల్లటి పొట్టులా కనిపిస్తుంది. కోకో బటర్ రాస్తే రెండు పనులు జరుగుతాయి. లేచిన అంచులు అణిగి చర్మం నునుపవుతుంది. పైన పలచని పొర ఏర్పడి తేమ బయటికి పోవడం తగ్గుతుంది.

అది మూత మాత్రమే, నీళ్లు కాదు. ఇందులో నీటి చుక్క లేదు. పూర్తిగా ఆరిపోయిన చర్మానికి రాస్తే ఖాళీ కుండకు మూత పెట్టినట్టే. స్నానం అయ్యాక తువ్వాలుతో అద్దుకుని, ఒళ్లు ఇంకా కాస్త చెమ్మగా ఉండగానే, మూడు నిమిషాల లోపు రాయాలి. "కోకో బటర్ నాకు పనిచేయలేదు" అనేవాళ్లలో చాలామంది రాత్రి పడుకునే ముందు పొడి చర్మానికి రాస్తుంటారు. సమయం మార్చుకుంటే చాలు, తేడా కనిపిస్తుంది. ఒక కాలికి మోకాలి నుంచి పాదం వరకు పావు టీస్పూను సరిపోతుంది. అంతకు మించితే బట్టలకు అంటడమే.

మూతగా చూస్తే పెట్రోలియం జెల్లీ దీనికంటే బలమైనది, చవక కూడా. కోకో బటర్ మేలు ఎక్కడంటే అంత జిడ్డుగా అనిపించదు, రాసుకోవడానికి హాయిగా ఉంటుంది, చాలా కాలం కమరు వాసన రాదు. రోజూ రాసుకోవాలనిపించేదే ఇంట్లో చివరిదాకా నిలుస్తుంది కదా, అందుకే దీనికి విలువ.

ఇక వదిన గారి సంగతి. పొట్ట చారలు రాకుండా కోకో బటర్ ఆపుతుందా అని ఏమీ కలపని లోషన్‌తో పోల్చి చూసిన పరీక్షలు ఉన్నాయి. లెబనాన్‌లో చేసిన దాని ఫలితాలు 2008లో, జమైకాలో చేసిన దానివి 2010లో వచ్చాయి. రెండింట్లోనూ తేడా కనిపించలేదు. కారణం తేలికగానే అర్థమవుతుంది. ఆ చారలు చర్మం లోపలి పొర సాగి చీలడం వల్ల వస్తాయి. మనం రాసేది పైపొర దగ్గరే ఆగిపోతుంది. వంశంలో ఉందా, బరువు ఎంత త్వరగా పెరిగింది అనేవి చారలను నిర్ణయిస్తాయి. కాబట్టి చారలు వస్తే "సరిగ్గా రాసుకోలేదు" అని ఆ అమ్మాయిని ఎవరూ అనకూడదు.

అయితే సాగే చర్మంలో దురద ఉంటుంది, అది దీనితో నిజంగా తగ్గుతుంది. సెంటు కలపనిది రోజుకు రెండుసార్లు మెల్లగా రాసుకోవచ్చు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. నెలలు నిండే సమయంలో అరచేతులు, అరికాళ్లు విపరీతంగా, ముఖ్యంగా రాత్రిళ్లు, దద్దుర్లు లేకుండానే దురద పెడితే అది చర్మం పొడిబారడం కాకపోవచ్చు. కాలేయానికి సంబంధించిన ఇబ్బంది అయ్యే అవకాశం ఉంది. ఏదో ఒక నూనె రాస్తూ కూర్చోకుండా అదే రోజు డాక్టరుకు చూపించాలి.

రంగు తెల్లబడటం, ఎండ నుంచి రక్షణ, ముడతలు పోవడం వంటివి దీని పనులు కావు. కోకోలో యాంటీ ఆక్సిడెంట్లు ఎక్కువన్నది నిజమే, కానీ అవి ఎక్కువ భాగం కొవ్వు తీసేశాక మిగిలే పొడిలోనే ఉండిపోతాయి. బటర్‌లోకి వచ్చేది కొంచెమే.

మైనంవత్తి:

పలుకులు కట్టింది పాడవడం కాదండీ. చేత్తో నలిపితే కరిగిపోతున్నాయంటే అవి కొవ్వు పలుకులే. నిక్షేపంగా రాసుకోవచ్చు.

ఎందుకు కట్టాయంటే, కోకో బటర్ గడ్డకట్టేటప్పుడు ఆరు రకాలుగా పలుకు కట్టగలదు. ఒక్కో రకం ఒక్కో వేడికి కరుగుతుంది. మీ డబ్బా పగలు సగం కరిగి రాత్రి మళ్లీ గట్టిపడుతోంది. కరగకుండా మిగిలిన గట్టి కొవ్వు చుట్టూ, నెయ్యిలో పూస కట్టినట్టు, కొత్త పలుకులు పేరుకుంటాయి. నెయ్యికి అది అందం, మన డబ్బాకు ఇబ్బంది. అలాగే గడ్డ మీద తెల్లటి బూడిదలాంటి పొర కనిపిస్తే బూజు అనుకుని పారేయకండి. వేలు పెడితే కరిగితే అది కొవ్వే. దూదిలా నూగుతో ఉండి, ముక్కిపోయిన వాసన వస్తేనే బూజు.

బయట నీళ్లలా ఎందుకుందంటే కొబ్బరి నూనె వల్ల. అది 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. పైగా ఈ రెండు కొవ్వులూ ఒకదాని అమరికను ఒకటి చెడగొట్టి, కలిసినప్పుడు మనం అనుకున్నదానికన్నా మెత్తబడతాయి. సగం సగం కలిపితే విజయవాడ ఎండకే కాదు, మామూలు రోజుల్లో కూడా నిలవదు. కోకో బటర్‌తో నువ్వుల నూనెగానీ బాదం నూనెగానీ కలపండి, నిలబెట్టడానికి తేనెమైనం వేయండి. తేనెమైనం 62 నుంచి 65 డిగ్రీల దాకా కరగదు. అదే మన ఎండలకు ఆధారం.

డబ్బాలో మెత్తగా ఉండి వేలితో తీసుకునే రకానికి 100 గ్రాముల కొలత చెబుతాను. నువ్వుల నూనె 60 గ్రాములు, కోకో బటర్ 30 గ్రాములు, తేనెమైనం 10 గ్రాములు. సబ్బు బిళ్లలా చేతిలో పట్టుకుని ఒంటికి రుద్దుకునే రకానికి మూడూ 33 గ్రాముల చొప్పున. మేలో కూడా బీరువాలో బిళ్లలాగే ఉంటుంది, కారులో మాత్రం వదిలేయకండి. పెదాలకైతే 20 గ్రాములకు నూనె 10, కోకో బటర్ 5, తేనెమైనం 5. నాలుగు చిన్న గొట్టాలు నిండుతాయి. అన్నీ తూకంతోనే. చెంచాల లెక్క పనికిరాదు, ఎందుకంటే తురిమిన మైనం చెంచాలో సగం గాలే.

చేసే వరస ముఖ్యం. వెడల్పు గిన్నెలో నీళ్లు పొయ్యి మీద సన్న మంటన పెట్టి, అందులో పొడిగా తుడిచిన స్టీలు గిన్నె దించండి. నేరుగా మంట మీద పెడితే అడుగున మాడి, కోకో వాసన చెడుతుంది. మొదట మైనం, నూనె వేయండి. మైనం కరగడానికే ఎక్కువసేపు పడుతుంది. అది పూర్తిగా కరిగాక మంట ఆర్పి, గిన్నె వేడినీళ్లలోనే ఉండగా తురిమిన కోకో బటర్ వేసి, ఒక్క పలుకూ కనిపించనంత వరకు కలపండి. కంటికి కరిగినట్టు కనిపించాక కూడా మరో ఐదు నిమిషాలు అలాగే ఉంచాలి. కనిపించని పలుకు ఒక్కటి మిగిలినా రేపు రవ్వకు అదే తోడు పెడుతుంది.

తర్వాత పొడి డబ్బాల్లో పోసి, మూత పెట్టకుండా పైన కాగితం కప్పి, వెంటనే ఫ్రిజ్‌లో అరగంట పెట్టండి. వేడిగా ఉండగా మూత బిగిస్తే ఆవిరి చెమర్చి లోపల నీటి బొట్లు పడతాయి. మెల్లగా చల్లారనిస్తే పెద్ద పలుకులు, త్వరగా చల్లారిస్తే కంటికి కనిపించనంత చిన్న పలుకులు. కిటుకు ఇంతే. ఫ్రిజ్ నుంచి తీశాక గది వేడికి వచ్చేదాకా ముట్టుకోవద్దు, పైన చెమ్మ పడుతుంది.

మైనం లేకుండా వట్టి కోకో బటర్‌నే అచ్చుల్లో పోయాలనుకుంటే పద్ధతి వేరు. 50 డిగ్రీల దాకా వేడిచేసి పూర్తిగా కరిగించి, కలుపుతూ 32, 33 డిగ్రీలకు చల్లార్చి, అప్పుడు 100 గ్రాములకు ఒక గ్రాము చొప్పున కరిగించని కోకో బటర్ సన్నగా తురిమి వేసి కలిపి పోయాలి. పెరుగుకు తోడు వేయడమే ఇది. మంచి పలుకు వేస్తే మంచి పలుకే కడుతుంది. ఇలా చేయకుండా వేడివేడిగా పోసి డీప్ ఫ్రీజర్‌లో పెడితే మొదట మెత్తగా, వేలికి జిగురుగా ఉండి, కొన్నాళ్లకు పైన తెల్లబారుతుంది.

కలబంద గుజ్జు, గ్లిజరిన్ రెండూ వద్దు. గ్లిజరిన్ నూనెలో కలవదు, చల్లారాక అడుగున జిగురుగా దిగుతుంది. కలబందలో ఉన్నది నీళ్లే. నూనె డబ్బాలో నీళ్లు చేరితే వారంలో బూజు. నిమ్మరసం, పచ్చి పసుపు, పాలు, తేనె అన్నింటికీ ఇదే మాట. విటమిన్ ఇ నూనె అర గ్రాము వేస్తే నూనె కమరు పట్టడం ఆలస్యమవుతుంది. అది సూక్ష్మజీవులను మాత్రం ఆపదు. చాలామంది దాన్నే ప్రిజర్వేటివ్ అనుకుని నీళ్లున్నవాటిలో కూడా వేసి ధైర్యంగా ఉంటారు. అది పొరపాటు.

నాడిపట్టు:

పైన ఇద్దరూ బాగా చెప్పారు. ఎవరికి పడదో కూడా ఇక్కడ ఉండాలి.

చెల్లి గారి ముఖానికి వద్దు. రంధ్రాలు మూసే గుణానికి 0 నుంచి 5 దాకా వేసే పాత పట్టీల్లో కోకో బటర్‌కు 4 ఉంటుంది. ఆ పరీక్షలు కుందేలు చెవి మీద చేసినవి, మనిషి ముఖానికి అచ్చంగా వర్తించవు. అయినా ఇప్పటికే మొటిమలున్న ముఖం మీద ప్రయోగం అనవసరం. వీపు, ఛాతీ మీద మొటిమలుంటే అక్కడా మానేయాలి. చేతులకు, కాళ్లకు నిశ్చింతగా రాసుకోవచ్చు.

శోభి మచ్చలు ఉన్నచోట రాయొద్దు. ఆ మచ్చలకు కారణమైన ఫంగస్ కొవ్వు తిని బతుకుతుంది, మనమే మేత వేసినట్టవుతుంది. గజ్జల్లో తామర, వేళ్ల సందుల్లో పాచిన చోట కూడా అంతే. అక్కడ కావలసింది ఆరుదల, మూత కాదు. ఎండాకాలంలో మెడ, చంకలు, నడుం దగ్గర రాస్తే చెమటకాయలు ఎక్కువవుతాయి. పసిపిల్లలకు ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

మొదటిసారి వాడేవాళ్లు మోచేతి మడత లోపలి వైపు రూపాయి బిళ్లంత చోట రోజుకు రెండుసార్లు, వారం పాటు రాసి చూడండి. ఎర్రబడినా దురద పెట్టినా ఆపేయాలి. పడకపోవడం చాలాసార్లు కోకో బటర్ వల్ల కాదు, అందులో కలిపిన సెంటు వల్ల. ఎగ్జిమా ఉన్నవాళ్లు "చాక్లెట్ వాసన" అని గొప్పగా రాసిన లోషన్ల జోలికి పోవద్దు.

షుగర్ ఉన్న అమ్మ గారి మడమలకు విడిగా రాస్తాను. పాదాలకు స్పర్శ తగ్గి ఉండొచ్చు కాబట్టి నీళ్ల వేడి పాదంతో కాదు, మోచేతితో చూడాలి, లేదా ఇంకొకరు చూడాలి. గోరువెచ్చని నీళ్లలో ఐదు నిమిషాలకు మించి నానబెట్టొద్దు. ఎక్కువసేపు నానితే చర్మం మెత్తబడి ఇంకా చీలుతుంది. బ్లేడుతో, కత్తితో గీకడం అసలు వద్దు. మెత్తగా అద్ది, వేళ్ల సందులు పూర్తిగా ఆరనిచ్చి, మడమకూ అరికాలికీ మాత్రమే రాయాలి. సందుల్లో రాయకూడదు. పైన వదులుగా ఉండే నూలు మేజోళ్లు వేయాలి. మేజోళ్లు లేకుండా నడిస్తే టైల్స్ మీద జారి పడతారు, పెద్దవాళ్లకు అదే అసలు ప్రమాదం.

ఇంకొకటి. మడమ చర్మం గట్టిపడి పసుపు రంగులో పెంకులా ఉంటే కోకో బటర్ ఒక్కటే చాలదు. పెంకును మెత్తబరిచే గుణం దీనికి లేదు. యూరియా 10 నుంచి 25 శాతం ఉన్న క్రీము ముందు రాసి, అది ఇంకాక దీన్ని మూతగా రాయాలి. ఎంత శాతం వాడాలో ఆమెను చూసే డాక్టరునే అడగండి. పగులులో రక్తం, చీము, నలుపు, వాపు కనిపిస్తే ఇంటి వైద్యం అక్కడితో ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

కృష్ణాతీరం:

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. రెండు సందేహాలు. చెల్లి ఆదివారం నలుగుపిండితో స్నానం చేస్తుంది. నలుగుకు ముందు రాయాలా, తర్వాతా? నీళ్లలా జారే లోషన్ కావాలంటోంది. మైనం వేసి నీళ్లు కలిపితే లోషన్ అవుతుందా?

మైనంవత్తి:

నలుగు తర్వాతే. సున్నిపిండి, శనగపిండి ఒంటి మీది నూనెను పీల్చేస్తాయి. ముందు రాసింది పిండితోపాటే పోతుంది. నలుగుకు ముందు మామూలు నువ్వుల నూనె చాలు, ఖరీదైన కోకో బటర్ ఎందుకు వృథా. స్నానం అయ్యాక చెమ్మ ఒంటికి దీన్ని రాయండి. ఒళ్లు పొడిబారిన రోజుల్లో పిండి గట్టిగా రుద్దొద్దు, మెత్తగా పట్టించి కడిగేయాలి.

లోషన్ విషయంలో, తేనెమైనం నూనెనూ నీళ్లనూ కలిపి నిలబెట్టలేదు. గట్టిగా చిలికితే కాసేపు కలిసినట్టు కనిపించి గంటలో విడిపోతుంది. దానికి ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ అనే వేరే పదార్థం కావాలి. పేరులో వ్యాక్స్ ఉందని తేనెమైనంతో సరిపెట్టకండి.

100 గ్రాములకు: డిస్టిల్డ్ వాటర్ 71, గ్లిజరిన్ 4 ఒక గిన్నెలో. కోకో బటర్ 6, బాదం నూనె 12, ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ 6 మరో గిన్నెలో. గ్లిజరిన్ పని ఇక్కడ ఉంది, ఎందుకంటే ఇక్కడ నీళ్లున్నాయి. రెండు గిన్నెలూ వేరువేరుగా 70 నుంచి 75 డిగ్రీలకు తెచ్చి, నూనెలోకి నీళ్లు పోస్తూ చేతి బ్లెండర్‌తో రెండు మూడు నిమిషాలు తిప్పండి. ఒకటి వేడిగా ఒకటి చల్లగా ఉంటే కోకో బటర్ అక్కడికక్కడే గడ్డకట్టి పాలు విరిగినట్టు అవుతుంది. తర్వాత బ్లెండర్ ఆపేసి గరిటెతో కలుపుతూ చల్లార్చాలి. బ్లెండర్ అలాగే తిప్పుతూ ఉంటే గాలి చేరి నురగలా అవుతుంది. 40 డిగ్రీలకు దిగాక ప్రిజర్వేటివ్ 1 గ్రాము. అమ్మినవాళ్లు ప్యాకెట్ మీద రాసిన శాతమే ఖాయం, మీరు కొన్నదాన్ని బట్టి చూసుకోండి.

ప్రిజర్వేటివ్ వద్దనుకుంటే లోషనే వద్దు. కంటికి బాగానే కనిపిస్తూ లోపల బ్యాక్టీరియా పెరిగిన లోషన్‌ను పగిలిన చర్మానికి రాయడం మేలు చేయబోయి కీడు చేయడమే. అలాంటప్పుడు ఇంకో సులువైన దారి ఉంది. అరచేతిలో రెండు చుక్కల గ్లిజరిన్, నాలుగు చుక్కల నీళ్లు కలిపి చెమ్మ చర్మానికి రాసి, దాని మీద డబ్బాలో ఉన్న మెత్తటి బామ్ కొద్దిగా రాయండి. ఏ రోజుకు ఆ రోజు కలుపుకునేది కాబట్టి చెడే సమస్యే లేదు.

కొబ్బరితోట:

కోకో బటర్ కొనేటప్పుడు చూసుకోవలసినవి చెబుతాను. ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు కొబ్బరి తోటల్లో, ఆయిల్ పామ్ తోటల్లో కోకో అంతర పంటగా ఉంది కాబట్టి "మా గింజల నుంచి మేమే తీసుకోవచ్చా" అని ఇక్కడ చాలామంది అడుగుతారు. దాని గురించి కూడా.

మంచి కోకో బటర్ లేత పసుపు రంగులో ఉండి, చల్లని గదిలో విరిస్తే టక్కుమని విరగాలి. గోటితో నొక్కితే దిగబడకూడదు. చిటికెడు నాలుక మీద పెడితే మైనపు పొర మిగలకుండా కరిగిపోవాలి, నాలుక కాస్త చల్లబడినట్టు ఉంటుంది. అంగిట్లో వనస్పతిలా అంటుకుని ఉండిపోతే అందులో వేరే కొవ్వు కలిసినట్టు అనుమానించాలి. చాక్లెట్ పనివాళ్లకు అమ్మే చవక కొవ్వులు కూడా గడ్డగా, తెల్లగానే ఉంటాయి కాబట్టి ప్యాకెట్ మీద పదార్థాల వరస చదవండి. కోకో బటర్ ఒక్కటే ఉండాలి. తయారైన లోషన్ కొంటే పట్టీలో "థియోబ్రోమా కకావో సీడ్ బటర్" (కోకో బటర్‌కే ఆ పేరు) అన్నది ఎక్కడుందో చూడండి. ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత రాస్తారు. సెంటు తర్వాత ఎక్కడో చివర ఉంటే డబ్బా మీద బొమ్మలోనే కోకో ఎక్కువ.

వాసన తీసినదా, తీయనిదా అన్నదానికి వస్తే, తీయనిదే అసలు కోకో అని నా అభిప్రాయం. పులియబెట్టి ఎండబెట్టి వేయించిన గింజ సువాసన అందులోనే ఉంటుంది. ఆ శ్రమంతా తీసేసి తెల్లగా చేసినదాన్ని చూస్తే మనసొప్పదు.

ఇంట్లో తీయడం కుదురుతుంది కానీ రాబడి తక్కువ. కాయ నుంచి తీసిన గింజలను గుజ్జుతో సహా 5, 6 రోజులు, మధ్యమధ్య తిరగేస్తూ పులియబెట్టి, తేమ 7 శాతానికి వచ్చేదాకా ఎండబెట్టాలి. పిడికిట్లో పట్టి నలిపితే గలగలమనాలి. తర్వాత వేయించి, పొట్టు చెరిగి, పప్పును గ్రైండర్‌లో రుబ్బితే తన కొవ్వుకే కారి చిక్కటి ముద్ద అవుతుంది. కిలో ఎండు గింజలకు 800 గ్రాముల దాకా పప్పు, అందులో సగం కొవ్వు. ఫ్యాక్టరీలో ఆ ముద్దను వేడిగా ఉండగా హైడ్రాలిక్ ప్రెస్‌లో పెట్టి విపరీతమైన ఒత్తిడితో పిండుతారు. ఇంట్లో ఆ ఒత్తిడి రాదు. గుడ్డలో కట్టి పిండితే ముద్దే గుడ్డలోంచి బయటికి వస్తుంది.

ఇంటి దారి ఏమిటంటే ముద్దను నాలుగింతల నీళ్లలో వేసి సన్న మంటన గంటసేపు మరిగించి, రాత్రంతా వదిలేస్తే పైన కొవ్వు తేలి బిళ్ల కడుతుంది. దాన్ని తీసి, మళ్లీ వెన్న కాచినట్టు కాచాలి. చిటపట శబ్దం పూర్తిగా ఆగాలి, అప్పుడే నీళ్లు పోయినట్టు. వేడిగా ఉండగానే పలుచని గుడ్డలో వడగట్టాలి. ఉన్న కొవ్వులో కొంతే చేతికి వస్తుంది, మిగతాది అడుగున పిప్పిలో ఉండిపోతుంది. సొంత గింజలు ఉన్నవాళ్లు ఒకసారి చేసి చూడటానికి బాగుంటుంది, అమ్మకానికి పనికిరాదు.

కల్వం:

కొబ్బరితోట గారూ, వాసన విషయంలో మాత్రం నాది వేరే మాట. చర్మానికి చేసే మేలులో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. కొవ్వు ఆమ్లాలు అవే, కరిగే వేడి అదే. గర్భిణికి వాంతులు ఉన్న రోజుల్లో ఆ ఘాటైన చాక్లెట్ వాసన భరించడం కష్టం. పడనివాళ్లకు వాసన తీసినదే సుఖం. రైతు శ్రమను నేను తక్కువ చేయడం లేదు. తినడానికైతే మీ మాటే నా మాట.

చలిదేశం:

చలి దేశాల్లో ఉన్న మనవాళ్లు పైన చెప్పిన 60, 30, 10 కొలత అలాగే చేస్తే రాయిలా గట్టిపడి వేలు దిగదు. బయట సున్నా కింద చలి, ఇంట్లో హీటరు. హీటరు గాలిలో తేమ చాలా తక్కువ, చర్మం పగిలేది దానివల్లే. నూనె 70, కోకో బటర్ 25, తేనెమైనం 5 చేయండి. స్నానం నీళ్లు గోరువెచ్చగా, పది నిమిషాల లోపు. చేతులకు రాత్రి రాసి నూలు గ్లవ్స్ వేసుకుంటే గిన్నెలు తోమి పగిలిన వేళ్లు కూడా కుదుటపడతాయి. ఊరి నుంచి కొరియర్‌లో తెప్పిస్తే దారిలో కరిగి గడ్డకట్టి రవ్వతో వస్తుంది. మైనంవత్తి గారు చెప్పినట్టు పూర్తిగా కరిగించి త్వరగా చల్లార్చండి.

కృష్ణాతీరం:

ఇప్పటికే రవ్వ కట్టిన ఆ 200 గ్రాములు ఏం చేయమంటారు?

మైనంవత్తి:

పారేయొద్దు. అందులో నీళ్లు చేరలేదు, కమరు వాసన లేదు అంటే మళ్లీ మలచుకోవచ్చు. తేనెమైనం 22 గ్రాములు తురిమి, దానిలో మీ మిశ్రమం ఓ రెండు గరిటెలు పోసి వేడినీళ్ల గిన్నెలో ముందు మైనం కరిగించండి. మైనం పూర్తిగా కరిగాక మిగతాదంతా పోయండి. చల్లటి మిశ్రమం తగలగానే మైనం ముద్ద కడుతుంది, కంగారు వద్దు, కలుపుతూ ఉంటే మళ్లీ కరుగుతుంది.

డబ్బాల్లో పోసే ముందు, పాకం చూసినట్టు, ఫ్రిజ్‌లో పెట్టి చల్లార్చిన స్టీలు పళ్లెం మీద ఒక చుక్క వేసి రెండు నిమిషాలు ఆగి వేలితో నొక్కండి. వేలికి తేలికగా రావాలి, పళ్లెం వంచితే జారకూడదు. జారితే ఇంకో 4 గ్రాముల మైనం, గోరుతో గీకాల్సి వస్తే 10 గ్రాముల నువ్వుల నూనె వేసి మళ్లీ చూడండి. పొయ్యి మీద ఉండగానే సరిచేసుకోవడం తేలిక, డబ్బాల్లో పోశాక అన్నీ మళ్లీ కరిగించాలి.

ఒకే పెద్ద డబ్బాలో వద్దు. 50 గ్రాముల చిన్న డబ్బాల్లో పోసి, ఒకటి మాత్రం బయట ఉంచి, మిగతావి ఫ్రిజ్‌లో పెట్టండి. చేసిన తేదీ, కలిపిన నూనె పేరు మూత మీద రాయండి. కోకో బటర్, కొబ్బరి నూనె రెండూ చాలా కాలం నిలుస్తాయి, బాదం, నువ్వుల నూనె కలిపినవి ఆరు నెలల్లో వాడేయాలి. తడి వేలు పెట్టకుండా పొడి చెంచాతో తీసుకోమని ఇంట్లో అందరికీ చెప్పండి. అమ్మ గారి మడమల డబ్బా విడిగా ఉంచండి, అది ఇంకెవరూ వాడకూడదు.